ఒక్క రోజు, ఎనిమిది ఆటలు

పిల్లలూ! జగిత్యాల జిల్లా గొల్లపల్లి నుంచి ఒక చిన్నారి నాకు ఉత్తరం వ్రాసింది. "మామయ్యా, మా బాపు దుబాయి నుంచి నెల రోజుల సెలవు మీద వచ్చిండు. మళ్ల పోయే ముందట ఒక్క రోజు మమ్ముల హైదరాబాదు తీస్కపోతడట. ఫిలిం సిటీ, వండర్‌లా రెండూ ఒక్కనాడే చూడాలె. ఎట్ల?" అని.

రెండూ కుదరవమ్మా! 1996లో మొదలైన రామోజీ ఫిలిం సిటీ 1,666 ఎకరాలు. దానికే ఒక పగలు చాలదు. వండర్‌లా 2016లో రావిర్యాల దగ్గర పెట్టారు. ఒకటి కొట్టెయ్యి. కొట్టెయ్యటమే పథకంలో మొదటి పని, అన్నిటికన్న కష్టమైన పని కూడా. మీ ఊరి నుంచి కరీంనగరం, సిద్దిపేట మీదుగా బస్సుకే సగం రోజు పోతుంది. అందుచేత ముందునాడే బయలుదేరండి. ఆదివారం వద్దు, జనం ఎక్కువ.

ఇక కాగితం, పెన్సిలు తీసుకో. ఎనిమిది ఆటలు ఎంచుకున్నావనుకో. వాటిని ఎన్ని వరుసల్లో ఆడవచ్చు? మొదటి ఆటకు ఎనిమిది దారులు, రెండవదానికి ఏడు, తరువాత ఆరు... అన్నీ గుణిస్తే 40,320! నిమిషానికి ఒక వరుస చొప్పున నిద్ర లేకుండా వ్రాసినా సరిగ్గా 28 రోజులు పడుతుంది. మీ బాపు సెలవు కాస్తా అందులోనే అయిపోతుంది గదా!

అందుకని అన్నీ వ్రాయవద్దు. పార్కు పటం బాపు ఫోనులో చూసి, దగ్గర దగ్గర ఉన్నవాటిని ఒక గుంపు చెయ్యి. తరువాత ఒక చిన్న లెక్క. ఒక బండిలో 20 మంది పడతారు, ఎక్కి దిగేసరికి 3 నిమిషాలు. నీ ముందు 200 మంది ఉంటే పది విడతలు, అంటే అరగంట నిలబడాలి. అదే బండిలో పది మందే పడితే గంట! కాబట్టి తక్కువమంది పట్టే ఆటకు గేటు తియ్యగానే పరుగెత్తు. నీళ్ల ఆటలు ఎండ ముదిరాక. తడిబట్టలతో మిగతావి ఆడటం ఏం సుఖం?

పెద్దవాళ్లకు కూడా పథకాలు తప్పుతాయి. 1955 జులై 17న అమెరికాలో డిస్నీలాండు తెరిచినప్పుడు, పిలిచినవారే గాక దొంగ టిక్కెట్లతో ఎంతోమంది వచ్చిపడ్డారు. కుళాయిల పనివాళ్ల సమ్మె వల్ల తాగే నీళ్లు కూడా సరిగా దొరకలేదు, పైన మండుటెండ!

మరొకటి: కొన్ని ఆటలకు ఎత్తు కొలుస్తారు. తమ్ముణ్ణి ఇంట్లోనే గోడకు నిలబెట్టి కొలువు. అక్కడికి పోయాక ఏడిస్తే ఎవరు ఓదారుస్తారు?

ఈ జవాబు నేను వెంటనే పోస్టులో పంపాను. మొన్న మళ్లీ జాబు వచ్చింది. ఎనిమిదింటిలో ఆరు ఆడారట. తమ్ముడు ఒకదానికి రెండు వేళ్లు తక్కువైతే, బాపు కూడా అది ఎక్కక వాడితో కిందనే నిలబడ్డాడట. పెన్సిలుతో వ్రాసిన ఆ కాగితం ఇంట్లో ఎంత వెతికినా కనబడలేదు. దుబాయి నుంచి ఫోనులో బాపు చెప్పాడట, తన పెట్టెలో ఉన్నదని.

సరే, ఆటలు తొమ్మిది అయితే ఎన్ని వరుసలు? లెక్క కట్టి వ్రాయండి. జవాబు వచ్చే నెల.