నమూనా రైలుమార్గం – ఒక సమష్టి సాధన

పసితనంలో రైలుబొమ్మను చూసి మురిసిపోనివారు అరుదు. పెద్దవారయ్యాక కూడా ఆ మక్కువను విడువనివారిని చూసి నవ్వేవారు మాత్రం చాలామంది ఉన్నారు. జీవనోపాధికో, పరీక్షలలో మార్కులకో ఉపకరించని పని కాలాన్ని వృథా చేసేదేనన్న భావన సమాజంలో బలంగా నాటుకొని ఉండడమే ఇందుకు కారణం. నమూనా రైలుమార్గాలను నిర్మించి, వాటిని ఊరూరా ప్రదర్శించే బృందాల కృషిని నిశితంగా పరిశీలిస్తే ఈ భావన ఎంత సంకుచితమైనదో బోధపడుతుంది. ఎవరూ మార్కులు వేయని పనిని సైతం శ్రద్ధగా, పదిమంది ఎదుట నిలిచేటట్లు చేయడం ఒక గొప్ప విద్య. ఆ విద్యను ఈ అభిరుచి చక్కగా నేర్పుతుంది.

జర్మనీ దేశంలోని గోపింగెన్ పట్టణంలో 1859లో స్థాపితమైన మార్‌క్లిన్ సంస్థ, 1891లో లైప్‌జిగ్ వాణిజ్య ప్రదర్శనలో నిర్ణీతమైన కొలతలు గల పట్టాలతో రైలుబొమ్మలను ప్రవేశపెట్టింది. కొలతలు స్థిరపడడంతో, ఒకనాడు కొన్న బొమ్మకు మరొకనాడు కొన్న పట్టాలను జతచేసే వీలు కలిగింది. బొమ్మ ఒక వ్యవస్థగా ఎదిగింది. ఇంగ్లండులో లివర్‌పూల్‌కు చెందిన ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో రైలుబొమ్మల తయారీని ఆరంభించాడు. అంతకు పదేళ్ల ముందే, 1910లో, లండన్ నగరంలో మోడల్ రైల్వే క్లబ్ ఏర్పడింది. ఈ రంగంలో ప్రపంచంలోకెల్లా పాతదిగా పేరొందిన సంఘం అదే. ఈ విధంగా బాలల ఆటవస్తువు క్రమంగా పెద్దల సాధనగా పరిణమించింది.

నమూనా అంటే కేవలం పోలిక కాదు. అది నిష్పత్తికి లోబడిన రూపం. బ్రిటన్‌లో బహుళ ప్రచారంలో ఉన్న 'ఓఓ' కొలమానంలో అసలు వస్తువు సుమారు 76వ వంతుకు తగ్గుతుంది. ఆ లెక్కన ఒక కిలోమీటరు మార్గానికి 13 మీటర్ల చోటు కావాలి. సామాన్యుల ఇళ్లలో అంత చోటు దొరకదు. కనుక నిర్మాత ఏది ఉంచాలో, ఏది విడవాలో ముందుగా నిర్ణయించుకోవాలి. స్టేషను, వంతెన, గూడ్స్ షెడ్డు, పక్కన నాలుగు ఇళ్లు – వీటితోనే ఒక ప్రాంతపు ఆత్మను పట్టివ్వాలి. వేగానికీ ఇదే నియమం వర్తిస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు ఈ నమూనాలో సెకనుకు సుమారు 36 సెంటీమీటర్లు మాత్రమే సాగాలి. అంతకు మించి పరుగెత్తితే అది మళ్లీ బొమ్మగా మారిపోతుంది.

ఈ కొలమానంలో ఒక లోపం కూడా దాగి ఉంది. బ్రిటన్‌లో అసలు పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు. నిష్పత్తి ప్రకారం నమూనాలో అది 18.83 మిల్లీమీటర్లు కావాలి. కాని అంగడిలో దొరికే పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లే. బ్రిటన్ ఇంజన్లు ఆకారంలో చిన్నవి. నాటి మోటార్లు వాటి నమూనాలలో ఇమడడానికి పైభాగాన్ని పెద్దది చేసి, పట్టాలను మాత్రం పాత కొలతలోనే ఉంచడం వల్ల ఈ వ్యత్యాసం ఏర్పడింది. చూపరులలో చాలామందికి ఈ రెండు మిల్లీమీటర్ల తేడా కనిపించదు. అయినా దానిని సహించలేక, పట్టాలను స్వయంగా పేర్చుకొని, చక్రాలను మార్చుకొనేవారు ఉన్నారు. ఎవరూ గమనించని తప్పును కూడా తప్పుగానే భావించే ఈ మనఃస్థితి ఏ వృత్తికైనా అలంకారమే.

గదిలో నిర్మించుకొన్న మార్గాన్ని ప్రదర్శనకు తీసుకుపోవడం మరింత కఠినమైన పరీక్ష. ఇందుకోసం రైలుమార్గాన్ని మొదటినుంచే విడదీయదగిన చెక్క పలకలపై నిర్మిస్తారు. ఒక పలక అంచున ఉన్న పట్టా, పక్క పలకపై ఉన్న పట్టాతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి. తీగలన్నీ ప్లగ్గులతో కలిసి విడిపోవాలి. సాధారణంగా బృందం ముందురోజు సాయంత్రమే వ్యానులో పలకలు, కాళ్లు, దీపాలు, పనిముట్లు సర్దుకొని బయలుదేరుతుంది. పాఠశాల ప్రాంగణంలోనో, క్రీడాశాలలోనో ఎగుడుదిగుడు నేలపై పలకలను నిలిపి, మట్టం చూసి, తీగలు కలిపి, మొదటి రైలును నడిపేసరికి పొద్దుపోతుంది. ఇంట్లో ఏ తడబాటూ లేకుండా నడిచిన రైలు అక్కడ పట్టాలు తప్పవచ్చు. దారిలోని కుదుపుకు ఒక తీగ ఊడవచ్చు. హాలులోని వేడికి పట్టాలు వ్యాకోచించవచ్చు. పట్టాలపై పేరుకొన్న సన్నని ధూళి విద్యుత్తును అడ్డగించి ఇంజన్‌ను నిలిపివేయవచ్చు. లోపం ఎవరిదని వాదించుకొనే వ్యవధి ఉండదు. తెల్లవారితే ప్రేక్షకులు వస్తారు.

ప్రదర్శన సాగే రెండు రోజులూ బృందంలో ప్రతి ఒక్కరికీ ఒక బాధ్యత ఉంటుంది. ఒకరు రైళ్లను నడుపుతారు. మరొకరు తెర వెనుక ఉన్న యార్డులో తరువాతి రైలును సిద్ధం చేస్తారు. ఇంకొకరు చూపరుల ప్రశ్నలకు సమాధానాలు చెబుతారు. గంటల తరబడి నిలబడినా, ఒక చిన్నారి అడిగిన ప్రశ్నకు తొలిసారి విన్నట్లే బదులు చెప్పడం అలవడాలి. రెండవనాటి సాయంత్రం మళ్లీ అన్నిటినీ విప్పి, సర్ది, మోసి, అర్ధరాత్రికి ఇల్లు చేరుతారు. చాలావరకు ఇదంతా వేతనం లేని శ్రమ. వడ్రంగం తెలిసినవాడు, టంకం పెట్టగలవాడు, రంగులు కలపగలవాడు, పాత కాలపట్టికలను శోధించగలవాడు – వీరందరూ వయసు, హోదా భేదాలు మరచి ఒకరి నైపుణ్యాన్ని ఒకరు గౌరవించడమే ఈ ప్రయాణాల అసలైన ఫలితం.

ఈ సాధన వ్యక్తుల వినోదంతో ఆగిపోదు. ఆస్ట్రేలియా నుంచి 1925లో ఇంగ్లండుకు వచ్చిన రోయ్ ఇంగ్లండ్ అనే యువకుడు, అక్కడి పల్లెసీమల పాత కుటీరాలు కళ్లెదుటే రూపం మార్చుకోవడం గమనించి కలతచెందాడు. వాటిని నమూనాలుగా నిలపాలని సంకల్పించాడు. ఆయన కృషితో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని లాంగ్ విట్టెన్‌హమ్ గ్రామంలో 1954లో పెండన్ మ్యూజియం వెలసింది. ఆయన మరణించిన తరువాత కూడా స్వచ్ఛంద కార్యకర్తలు ఆ నిర్మాణాన్ని కొనసాగిస్తున్నారు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1946లో ఏర్పడిన విద్యార్థుల నమూనా రైల్వే సంఘం మరొక నిదర్శనం. పట్టాల కింద టెలిఫోన్ రిలేలతో క్లిష్టమైన వలయాలను అల్లిన ఆ విద్యార్థులలో కొందరు, అదే కుతూహలంతో తమ విద్యాలయానికి వచ్చిన తొలితరం కంప్యూటర్లపై పట్టు సాధించారు. కంప్యూటర్ రంగంలో 'హ్యాకర్' అనే మాట వ్యాప్తికి ఆ సంఘపు పలుకుబడి ఒక మూలం. నాడు ఆ మాటకు చొరబాటుదారు అన్న అర్థం లేదు. చాతుర్యంతో పని సాధించేవాడని అర్థం.

ఇది ధనవంతుల వ్యసనమని కొందరు ఆక్షేపిస్తారు. మేలైన ఇంజన్ల నమూనాలు ఖరీదైనవన్న మాట వాస్తవమే. కాని అట్టముక్కతో స్టేషనును, రంపపు పొట్టుతో పచ్చికను కల్పించడానికి ధనం కంటే ఓర్పే ముఖ్యం. సంఘంలో చేరినవాడు అందరి సామగ్రినీ పంచుకొంటాడు. కంప్యూటర్ తెరపైనే రైలును నడపవచ్చు కదా అని మరికొందరు ప్రశ్నిస్తారు. తెరపై తప్పును ఒక మీటతో చెరిపివేయవచ్చు. వంకరగా కోసిన చెక్కను అలా చెరపడం సాధ్యం కాదు. పదార్థం పెట్టే పరీక్ష చేతికి వివేకాన్ని ఇస్తుంది.

అయితే ఈ సంప్రదాయం సవాళ్లకు అతీతమైనది కాదు. బర్మింగ్‌హామ్ సమీపంలోని నేషనల్ ఎగ్జిబిషన్ సెంటర్‌లో వార్లీ సంఘం నిర్వహిస్తూ వచ్చిన ప్రదర్శన బ్రిటన్‌లో అతి పెద్దవాటిలో ఒకటిగా పేరుగాంచింది. 2023లో జరిగినదే దానికి చివరిదయింది. ఎంత పెద్ద ఉత్సవమైనా దానిని భుజాన మోసే మనుషులు ఉన్నంతవరకే నిలుస్తుంది. చూసి ఆనందించేవారు పెరిగి, నేర్చి నిలబెట్టేవారు తరిగితే ఏ కళకైనా ఇదే గతి.

తెలుగువారికి ఈ అభిరుచి అంతరంగంలో కొత్తది కాదు. పండుగనాడు మెట్లపై బొమ్మల కొలువు తీర్చి, బావి, పొలం, గుడి, సంతలతో చిన్న ఊరిని అమర్చే ఇళ్లు తెలుగునాట ఎన్నో ఉన్నాయి. తెల్లపొణికి కర్రతో పల్లె జీవితాన్ని మలిచే కొండపల్లి కళాకారులకు సూక్ష్మరూపంలో లోకాన్ని చూపడం తరతరాల విద్య. దానికి రైలును జోడించదగిన అవసరమూ ఉంది. రాజమహేంద్రవరం వద్ద గోదావరిపై 1900 నుంచి 1997 వరకు రైళ్లను మోసిన హేవలాక్ వంతెన విశ్రాంతి పొందింది. 1992లో ఆరంభమైన ఏకగేజ్ విధానంతో మీటర్ గేజ్ మార్గాలెన్నో రూపం మార్చుకొన్నాయి. వాటి చిన్న స్టేషన్లు, చేతి సిగ్నళ్లు, నీటి తొట్టెలు పెద్దల జ్ఞాపకాలలో మాత్రమే మిగులుతున్నాయి. పూణె నగరంలో 1998లో ప్రారంభమైన జోషీ నమూనా రైల్వే మ్యూజియం, ఒక వ్యక్తి పట్టుదల ఏపాటి పని చేయగలదో చూపుతున్నది.

కళాశాలలో నలుగురు విద్యార్థులు కలిసి, తమ ఊరి పాత స్టేషనును కొలిచి, పెద్దలను అడిగి, ఒక చెక్క పలకపై దానిని నిలిపితే అందులో గణితం ఉంటుంది, చరిత్ర ఉంటుంది, విద్యుత్ శాస్త్రం ఉంటుంది. దానిని పక్క ఊరికి మోసుకుపోయి, పదిమంది ఎదుట నడిపి చూపితే అందులో స్నేహమూ, బాధ్యతా ఉంటాయి. ఆ పనికి ర్యాంకు రాకపోవచ్చు. కాని ర్యాంకు కోసం కాక పని కోసమే పని చేయడం తెలిసినవాడు, ఏ రంగంలో అడుగుపెట్టినా ఆ రంగానికి గౌరవం తెస్తాడు.