చెప్పుల వరస పక్కన

మందిరం గేటుకు ‘అందరికీ స్వాగతం’ అని ఫ్లెక్సీ కట్టించడానికి ఎంతయిందో కమిటీ లెక్కల పుస్తకంలో ఉంటుంది. ఆ గేటు దాటి లోపలికి వచ్చిన గొత్తికోయ కుటుంబం కొన్ని ఆదివారాలు చెప్పుల వరస పక్కన కూర్చుని, ఆ తర్వాత ఎందుకు రావడం మానేసిందో ఏ పుస్తకంలోనూ ఉండదు. అడిగినవాళ్లు లేరు. పేర్లు రాసుకున్నవాళ్లు లేరు. వాళ్లు రావడం లేదని గమనించినవాళ్లు కూడా లేరు. సంఘం పెరుగుతోందని మాత్రం వార్షికోత్సవంలో చప్పట్లు కొట్టాం.

నేను పరాయివాణ్ణి కాను. ఈ సంఘాల్లోనే పుట్టి, సండే స్కూల్లో కంఠత వాక్యాలు అప్పజెప్పి, క్రిస్మసు నాటకంలో గొర్రెల కాపరి వేషం వేసి పెరిగినవాణ్ణి. అందుకే ఇంత కోపం. బయటివాళ్లు తిడితే హింస అంటాం. లోపలివాడు నిలదీస్తే ‘ఆత్మీయంగా చల్లారిపోయాడు పాపం’ అంటాం. అనండి.

ఖమ్మం నుంచి బయల్దేరి కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం మీదుగా దుమ్ముగూడెం, చర్ల దాకా వెళ్లండి. దారి పొడవునా మందిరాలకు కొదవ లేదు. సీఎస్‌ఐ, కాథలిక్కు, పెంతెకొస్తు, ఏ బోర్డు కిందా లేని ఇండిపెండెంటు సంఘాలు, అన్నీ ఉన్నాయి. పట్టణాల్లో అయితే కీబోర్డు, ప్యాడ్లు, పెద్ద తెర, యూట్యూబు లైవుకు కెమెరా. ఆ కెమెరా ఎప్పుడూ వేదిక వైపే తిరిగి ఉంటుంది. ఒక్క ఆదివారం దాన్ని వెనక్కి తిప్పితే నేను రాసే అవసరమే ఉండదు.

ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి చోటు చూపించి, మాసిన బట్టల వాణ్ణి కాళ్ల దగ్గర కూర్చోమంటే అది పాపమని యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో రాశాడు. దాని మీద ప్రసంగాలు విన్నాం, ఆమెన్ అన్నాం. ప్రసంగం అయిన వెంటనే ఎన్నికల్లో నిలబడ్డ పెద్దమనిషి కారు దిగి వస్తే ముందు వరస ఖాళీ చేయించి శాలువా కప్పాం. అదే పూట, అదే బైబిలు ఇంకా ఒళ్లోనే ఉండగా.

చెప్పుల దగ్గర కూర్చున్నవాళ్లు ఎవరో కనీసం తెలుసుకుందాం. 2005లో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో మావోయిస్టులకు ఎదురుగా సల్వాజుడుం అనే సాయుధ దళాలు మొదలయ్యాక అక్కడి ఊళ్లు మావోయిస్టులకూ జుడుంకూ మధ్య నలిగి ఖాళీ అయ్యాయి. ఇక్కడ మనం గొత్తికోయలని పిలిచే మురియాలు అడవి దారిన వేల మంది ఇటు వచ్చారు. 2011లో సుప్రీంకోర్టు సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. తీర్పు వచ్చింది గానీ ఇల్లు తిరిగి రాలేదు. అక్కడ వాళ్లు ఎస్టీలు. ఇక్కడ ఆ సర్టిఫికెట్టు పుట్టదు. పోడు కొడితే ఫారెస్టు కేసు. వాళ్లు గుడిసెలు వేసుకున్న గుంపుకు రోడ్డుండదు, కరెంటుండదు. ఎండాకాలం తునికాకు కోయడానికి వాళ్లు కావాలి, అంతకుముందు మిరపకాయ ఏరడానికి వాళ్లు కావాలి. మన సంఘ పెద్దల చేలల్లో ఏరింది కూడా వాళ్లే. చేలో పనికొచ్చిన మనిషి మందిరంలో కుర్చీకి పనికిరాకుండా పోయాడు.

ఈ నేల మీద సంఘం ఎలా మొదలైందో మర్చిపోయామా? 1860ల నాటి మాట. దుమ్ముగూడెం దగ్గర గోదావరి పనులు చూస్తున్న హేగ్ అనే ఇంజనీరు కోయల మధ్య సేవ జరగాలని పట్టుబట్టాడు. ముందుగా కదిలింది తెల్లదొర కాదు. ఆ పనుల్లోనే ఉద్యోగం చేస్తున్న వెంకటరామరాజు. జీతం రాళ్లు వదులుకుని కోయ గూడేలకు వెళ్లాడు. తర్వాత వచ్చిన సీఎంఎస్ మిషనరీ జాన్ కెయిన్ అదే దుమ్ముగూడెంలో ఏళ్ల తరబడి ఉండిపోయి, కోయ భాష నేర్చుకుని, సువార్తను ఆ భాషలోకి తెచ్చాడు. వాళ్లు మచ్చలేని మనుషులని చెప్పను. ఆ కాలపు దొర చూపు కెయిన్ రాతల్లో కనిపిస్తుంది. కానీ వచ్చినవాడి మాట తనకు రాకపోతే నేర్చుకోవాల్సింది తానేనని ఆయనకు తెలుసు. నూట యాభై ఏళ్ల తర్వాత మన కమిటీ చెప్పే సాకు ఏమిటయ్యా అంటే ‘వాళ్ల భాష మనకు రాదు కదా బ్రదర్’.

రాదా? మన సంఘంలో కోయ అక్కలు లేరా? చర్ల వైపు నుంచి కోడళ్లుగా వచ్చినవాళ్లు, వంటపాత్రలు తోమడానికి ముందుండేవాళ్లు, ఇంటింటా పిడికెడు బియ్యం పోగుచేసి తెచ్చేవాళ్లు? కోయకూ గొత్తికోయల మాటకూ చుట్టరికం ఉంది. ఆ అక్కలూ గొత్తికోయలూ బావి దగ్గర ముచ్చట్లు పెట్టుకోవడం నేను విన్నాను. మన దగ్గర దుబాసీలు లేక కాదు, ఆ దుబాసీ చీర చెంగు దోపుకుని వంటగదిలో ఉంది కాబట్టి మనకు కనపడలేదు. ఆమెను మైకు దగ్గరికి ఎప్పుడు పిలిచాం? కమిటీలో ఎప్పుడు కూర్చోబెట్టాం?

దోర్నకల్ మనకు ఎంత దూరం? అజరయ్య గారి పేరు చెప్పుకుని మురిసిపోతాం. తిరునెల్వేలి తమిళుడు, ముప్పై దాటాక తెలుగు నేర్చుకున్నాడు, 1912 డిసెంబరు 29న దోర్నకల్ బిషప్పయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల సభలో ఆయన దొరల మొహం మీదే నిలదీశాడు. మా కోసం త్యాగాలు చేశారు సరే, మాతో స్నేహమెక్కడ చేశారన్నది ఆ ప్రసంగం సారం. దానం చేసే చేతులున్నాయి, పక్కన కూర్చుని అన్నం తినే మనుషులు లేరన్నది ఆయన బాధ. ఆ మాటకు ఆరోజు దొరలు గుర్రుమన్నారు. ఈరోజు ఒక గొత్తికోయ యువకుడు లేచి అదే మాట మనల్ని అడిగితే గుర్రుమనేది మనమే. దొరలు ఖాళీ చేసిన కుర్చీల్లో మనమే కూర్చున్నాం మరి.

ఇంకో సంగతి. దోర్నకల్ పెద్ద గుడి ప్రతిష్ఠ జరిగింది 1939 జనవరిలో. అంటే ఆయన బిషప్పయిన 26 ఏళ్లకు. ఈలోగా ఊరూరా టీచరుగారు, టీచరమ్మగారు, బడులు, స్థానిక గురువులకు శిక్షణ. మన దగ్గర లెక్క తిరగబడింది. పునాది రాయి ముందు, బిల్డింగు ఫండు ముందు, మనుషులు తర్వాత, వీలుంటే.

చెయ్యలేక కాదు. ఆ బాధే ఎక్కువ. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు ఈ సంఘాలే అన్నం వండాయి, దుప్పట్లు మోశాయి, మందిరాల తలుపులు తెరిచాయి. అప్పుడు ఎవరిది ఏ కులం, ఏ గుంపు అని అడగలేదు. నాకు గర్వంగా అనిపించింది కూడా. నది దిగాక మన ఊపూ దిగింది. ఫొటోలు వార్షిక నివేదికలోకి ఎక్కాయి. ఫొటోలో ఉన్నవాళ్ల దగ్గరికి మళ్లీ పోయిందెవరు?

అదే ఏడాది నవంబరులో చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర ఫారెస్టు రేంజి అధికారిని గొత్తికోయలు నరికి చంపారు. ఘోరం. చంపినవాళ్లకు శిక్ష పడాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ తర్వాత మొత్తం గుంపునే వెళ్లగొట్టాలని పంచాయతీ తీర్మానం చేస్తే, తప్పు చేసినవాడు వేరు, వాడి పక్క గుడిసెలో ఉన్న పిల్ల వేరు అని చెప్పడానికి నేను వెళ్లిన ఏ మందిరంలోనూ నోరు లేవలేదు. ఆ అధికారి కుటుంబం కోసం ప్రార్థించాం, సరిగ్గా చేశాం. ఇంకో ప్రార్థనకు మాత్రం గొంతు పెగలలేదు. ‘రాజకీయాలు మనకెందుకు’ అన్నారు. శాలువా కప్పినప్పుడు ఆ మాట ఎటు పోయిందో!

గోదావరి అవతల ఏం జరుగుతోందో చూడండి. 2022 డిసెంబరులో నారాయణ్‌పూర్ వైపు క్రైస్తవ ఆదివాసీలను ఊళ్లలోంచి తరిమితే వందల మంది చలిలో స్టేడియంలో తలదాచుకున్నారు. 2025 జనవరిలో బస్తర్‌లో ఒక పాస్టరుగారి శవం సొంత ఊళ్లో పూడ్చనివ్వక సుమారు మూడు వారాలు మార్చురీలో ఉంది. సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జిలు చెరో మాట చెప్పి, చివరికి వేరేచోట ఉన్న క్రైస్తవ శ్మశానంలో పూడ్చమన్నారు. మన ఉపవాస ప్రార్థనల్లో ఎక్కడెక్కడి దేశాల హింసల గురించో కన్నీళ్లు పెడతాం. ఆ బస్తర్ నుంచే వచ్చిన కుటుంబం మన చెప్పుల పక్కన కూర్చుంటే లోపలికి జరగమని చెప్పే దిక్కు లేదు.

నా కోపం గూడెంలో రేకుల షెడ్డు కింద సంఘం నడిపే పాస్టరుగారి మీద కాదు. గొత్తికోయ పిల్లకు జ్వరమొస్తే అర్ధరాత్రి బండి మీద ఆసుపత్రికి తీసుకుపోయేది ఆయనే. ఆయన్ని ఏడాదికోసారి పట్టణానికి పిలిచి, సాక్ష్యం చెప్పించి, దారి ఖర్చులకు కవరు చేతిలో పెట్టి పంపేది మనం. ఆయన అడిగింది కవరు కాదు, తోడు.

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తియ్యండి. యెరూషలేము సంఘంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజూ పంచే అన్నంలో అన్యాయం జరుగుతోందని సణుగుడు మొదలైంది. అపొస్తలులు ఆ సణిగినవాళ్లను ‘సంఘాన్ని చీలుస్తున్నారు’ అనలేదు. ప్రార్థన చేసుకుని సర్దుకోమనలేదు. ఏడుగురిని ఏర్పరచమన్నారు. ఆ ఏడు పేర్లు చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. ఎవరి కంచం ఖాళీగా ఉందో వాళ్ల మనుషుల చేతికే గరిటె ఇచ్చారు. నాయకత్వం గురించి మనవాళ్లు హైదరాబాదు హోటళ్లలో సెమినార్లు పెట్టి ఫైళ్లు పంచుతారే, అంత అక్కర్లేదు. ఈ ఒక్క పేజీ చాలు.

ఆ పేజీని మన ఊళ్లో పెట్టి చూస్తే ఏముంది పెద్ద పని? గేటు దగ్గర వందనాలు చెప్పే కుర్రాళ్లలో ఒక గొత్తికోయ కుర్రాడు ఉండాలి. కొత్తగా వచ్చినవాళ్ల పేరు, గుంపు రాసుకునే బాధ్యత ఒకరి మీద ఉండాలి, రాకపోతే ఆ వారంలోనే పోయి చూడాలి. కోయ అక్కకు ప్రార్థన ఒప్పజెప్పాలి. మిరపకాయ ఏరే నెలల్లో వాళ్లకు ఆదివారం లేదు, అయితే మంగళవారం రాత్రి వాళ్ల గుంపులోనే కూడిక పెట్టాలి. కానుక లెక్క గోడ మీద అంటించాలి, అందులో వాళ్ల కోసం ఎంత ఖర్చయిందో వాళ్లకు చదివి వినిపించాలి. దీనికి డబ్బు దాదాపు అక్కర్లేదు. ‘నా చోటు నేను వదలను’ అనే పెద్దలు ఒక్కరో ఇద్దరో జరిగితే చాలు. అక్కడే అంతా ఆగిపోయింది.

డిసెంబరు బడ్జెట్టు మీటింగు దగ్గరపడుతోంది. నక్షత్రం ఎంత ఎత్తు పెట్టాలన్న చర్చ ఇప్పటికే మొదలైంది. వచ్చి మానేసిన కుటుంబాలెన్ని, వాళ్ల గుంపుకు వెళ్లేదెవరు, ఏ రోజు అని ఎజెండాలో చేర్చమని కాగితం రాసిచ్చాను. సెక్రటరీగారు నవ్వి, ‘ఇతరములు’ కింద పెడదామన్నారు. ఇతరములు వచ్చేసరికి అందరూ భోజనాలకు లేస్తారని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఈసారి బిర్యానీ చల్లారినా సరే, ఎవరు వెళ్తారో పేరు రాసేదాకా నేను కుర్చీలోంచి లేవను.