ఒంటెకు జలుబు చేస్తే మనకేమిటి?

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో సౌదీకో, కువైట్‌కో వెళ్ళి వచ్చినవారు ఉండే ఉంటారు. కరీంనగర్, కడప, కోనసీమ వైపు గల్ఫ్ ఉద్యోగం సంగతి తెలియని ఊరు అరుదు. అందువల్ల ఒంటెల జలుబు గురించి మీరు కొంత తెలుసుకోవడం మంచిది.

ఒంటెలలో ఉండే ఒక రకం కరోనా వైరస్ వల్ల మనుషులకు 'మెర్స్' అనే జబ్బు వస్తుంది. దీన్ని 2012లో సౌదీ అరేబియాలో మొదట గుర్తించారు. ఇది కోవిడ్ వైరస్‌కు బంధువే గాని, అదే మాత్రం కాదు. ఇది సోకిన ఒంటెకు కాస్త ముక్కు కారుతుంది; ఒక్కోసారి అదీ ఉండదు. మనిషికి మాత్రం జ్వరం, దగ్గు, ఆయాసంతో మొదలై న్యుమోనియాగా ముదరవచ్చు. ఇంతవరకు 27 దేశాలలో 2,600 మందికి పైగా సోకినట్లు పరీక్షలలో తేలింది. వారిలో నూటికి 36 మంది దాకా మరణించారు. తేలికగా వచ్చి తగ్గిపోయినవారు లెక్కలోకి రారు కనుక, అసలు ప్రమాదం అంతకన్నా తక్కువే కావచ్చు. దీనికి టీకా గాని, ప్రత్యేకమైన మందు గాని లేదు.

ఆరోగ్యంగా కనిపించే ఒంటెలో వైరస్ ఉన్నదీ లేనిదీ ఎలా తెలుస్తుంది? ముక్కులోని స్రావాన్ని దూదిపుల్లతో తీసి పరీక్ష చేస్తారు. రక్తంలో యాంటీబాడీలు ఉంటే, ఇదివరకెప్పుడో సోకిందని అర్థం. తూర్పు ఆఫ్రికాలో 1983లో తీసి భద్రపరచిన ఒంటెల రక్తంలోనూ ఇవి కనిపించాయి. అంటే జబ్బుకు మనం పేరు పెట్టకముందు నుంచే వైరస్ వాటిలో ఉందన్నమాట.

మనుషుల విషయంలో ఈ నిఘా రోగి చెప్పే మాటతోనే మొదలవుతుంది. 2015లో మధ్యప్రాచ్య దేశాలు తిరిగి దక్షిణ కొరియా చేరిన ఒక వ్యక్తి జబ్బుపడి, ఒక ఆసుపత్రి తరువాత మరొక ఆసుపత్రికి వెళ్ళాడు. అది మెర్స్ అని తేలేలోపే తోటి రోగులకు, వారిని చూడవచ్చినవారికి, వైద్య సిబ్బందికి అంటుకుంది. మొత్తం 186 మందికి సోకింది; 38 మంది చనిపోయారు.

కనుక గల్ఫ్ నుంచి వచ్చిన 14 రోజులలోపు జ్వరం, దగ్గు, ఆయాసం కనిపిస్తే మందుల షాపులో బిళ్ళలు కొని మింగి ఊరుకోకండి. ముక్కుకూ నోటికీ మాస్కు కట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్ళండి. ఏ దేశం నుంచి వచ్చారో, అక్కడ ఒంటెల దగ్గర పని చేశారో లేదో, ఆసుపత్రిలో ఉన్నారో లేదో, ఆయన అడగకముందే చెప్పండి.

అక్కడ ఉన్న మీవాళ్ళకు ఉత్తరంలోనో, ఫోనులోనో ఈ జాగ్రత్తలు చెప్పండి. ఒంటెను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కాచని ఒంటె పాలు, సరిగా ఉడకని మాంసం తీసుకోకూడదు. మందని ఎవరు చెప్పినా ఒంటె మూత్రం తాగకూడదు. చక్కెర వ్యాధి, మూత్రపిండాల జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు ఒంటెల దగ్గరకే పోకపోవడం మేలు.

ఇది చదివి, గల్ఫ్ నుంచి వచ్చినవారిని గుమ్మం బయట నిలబెట్టకండి. ఇరుగుపొరుగు వెలివేస్తారన్న భయం ఉంటే, ఎవరూ ఉన్నమాట చెప్పరు. వారు నిజం చెబితేనే వారికీ, మీకూ క్షేమం.