కంటి వైద్య సహాయకులకు చట్టబద్ధ నమోదు, పైచదువు కల్పించాలి

కోయంబత్తూరు, మదురై ప్రాంతాల తెలుగు ధర్మసంస్థలకు, ఆసుపత్రుల యాజమాన్యాలకు, తల్లిదండ్రులకు విజ్ఞప్తి

డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో మదురైలో 11 పడకలతో ప్రారంభించిన అరవింద్ కంటి ఆసుపత్రి, వైద్యుని సమయం వీలైనంతగా శస్త్రచికిత్సకే దక్కాలన్న సూత్రంతో, చూపు పరీక్ష, కంటి ఒత్తిడి కొలత, రోగిని శస్త్రచికిత్సకు సిద్ధం చేయడం వంటి పనులను గ్రామాల నుంచి వచ్చి రెండేళ్ల శిక్షణ పొందిన యువతులకు అప్పగించింది. లక్షలాది పేదలకు చూపు దక్కడంలో వారి నైపుణ్యానికి పెద్ద పాలు ఉంది.

అయితే ఒక ఆసుపత్రి తన అవసరానికి ఇచ్చే శిక్షణకు విశ్వవిద్యాలయ గుర్తింపు లేకపోతే, పెళ్లయి వేరే ఊరికి వెళ్లిన యువతి అక్కడ మళ్లీ మొదటి మెట్టు నుంచే ప్రారంభించవలసి వస్తుంది. నర్సుల విషయంలో ఈ చిక్కు చాలావరకు తీరింది; 1947 నాటి భారత నర్సింగ్ మండలి చట్టం మూలంగా చదువుకు ఏకరూపత వచ్చింది, మూడేళ్ల డిప్లొమా గల నర్సు మరో రెండేళ్లు చదివి పట్టభద్రురాలు కాగలదు. 2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం నేత్రవైద్య వృత్తులకూ అటువంటి దారి తెరిచింది: వైద్యునికి తోడుగా పనిచేసే అనుబంధ వృత్తికి కనీసం 2000 గంటల చదువును, స్వయంగా సేవలందించే ఆరోగ్య సంరక్షణ వృత్తికి కనీసం 3600 గంటల చదువును నిర్దేశించి, అర్హుల పేర్లను రాష్ట్ర మండలి పట్టికలో నమోదు చేయాలని విధించింది.

కాబట్టి జరగవలసినవి ఇవి:

1. ఆసుపత్రుల శిక్షణను చట్టం కోరే ప్రమాణానికి తెచ్చి, విశ్వవిద్యాలయ డిప్లొమాగా మార్చాలి.
2. ఏళ్లుగా పనిచేస్తున్నవారి నైపుణ్యాన్ని పరీక్షించి, లోటున్న పాఠాలు మాత్రమే చెప్పి, నమోదుకు అర్హత కల్పించాలి.
3. డిప్లొమాలో చదివిన గంటలను ఆప్టోమెట్రీ, అంటే దృష్టి పరీక్షా శాస్త్రం, పట్టా చదువులో జమకట్టాలి.

గుర్తింపు వస్తే శిక్షణ పొందినవారు వెళ్లిపోతారన్న యాజమాన్యాల భయం సహజమే; కానీ పైమెట్టు కనిపించని ఉద్యోగాన్ని వదలడానికే ఎక్కువ కారణాలుంటాయి, నమోదు ఉన్నవారు కాన్పు తరువాత, పిల్లల పెంపకం తరువాత తిరిగి రావడానికీ వీలుంటుంది.

కొంగునాటిలో, అంటే కోయంబత్తూరు ప్రాంతంలో, స్థిరపడిన తెలుగు కుటుంబాలు మిల్లుల సంపాదనను ఊరికి మళ్లించిన చరిత్ర కలవి. 1926 నాటి పీఎస్‌జీ ధర్మసంస్థ, 1952 నాటి కుప్పుస్వామి నాయుడు స్మారక ఆసుపత్రి అందుకు తార్కాణాలు. ఆ దాతృత్వం ఇప్పుడు కట్టడాల నుంచి మనుషుల చదువు వైపు తిరగాలి. ప్రతి తెలుగు ధర్మసంస్థా కంటి వైద్య సహాయకులైన యువతుల పైచదువుకు ఏటా కొన్ని ఉపకార వేతనాలు కేటాయిస్తూ తీర్మానించాలి. ప్రతి యాజమాన్యమూ చదువుకునే ఉద్యోగినికి జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. కూతురిని శిక్షణలో చేర్చే ముందు ఆ ధ్రువపత్రానికి నమోదు అర్హత ఉన్నదా అని ప్రతి తల్లీ తండ్రీ అడిగి తెలుసుకోవాలి.