ఆదిసంఘంలో మొదటి తగవు

ఆదిసంఘం అనగానే మనకు పెంతెకొస్తు రోజే గుర్తొస్తుంది. యెరూషలేములో ఎవరి భాషలో వాళ్లు సువార్త విన్నారు, ఒక్కరోజే మూడు వేల మంది చేరారు. ఆ తర్వాత వచ్చిన తగవును మాత్రం మరిచిపోతాం.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చూడండి. రోజూ పెట్టే భోజనంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను పట్టించుకోవడం లేదని సణుగుడు మొదలైంది. అపొస్తలులు ‘సర్దుకుపొండి’ అనలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు మొదలుకొని ఆ ఏడూ గ్రీకు పేర్లే. అంటే, బాధపడ్డ వాళ్ల వైపు మనుషులకే పంపకం అప్పజెప్పారన్నమాట.

కే.వి.కుప్పం, గుడియాత్తం వైపు తెలుగు విశ్వాసులకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. ఇంట్లో తెలుగు, గుడిలో తమిళం. తమిళంతో మనకు పేచీ లేదు. 1853లో ఏర్పడిన ఆర్కాటు మిషన్ వేలూరులో తమిళంలో, మదనపల్లెలో తెలుగులో సేవ చేసింది. రెండూ ఒకే ఇంటి భాషలు. మరి ప్రసంగం సగమే అర్థమయ్యే అవ్వ కోసం వాక్యాన్ని తెలుగులోనూ ఒకసారి చదివితే తప్పేముంది? సంఘ కమిటీలో తెలుగోళ్లకూ చోటిస్తే పోయేదేముంది? చిత్తూరు వైపు సంఘాల్లోని తమిళులకూ ఇదే న్యాయం.

సణుగుడు విని, బాధ్యత పంచాకే శిష్యుల సంఖ్య ఇంకా పెరిగిందని అదే అధ్యాయం చెబుతోంది. సంఘ పెద్దలు దాన్ని మరోసారి చదవాలి.