చేతికి ఫిజియో ఉంది, మాటకేదీ?

చేవెళ్ల, మొయినాబాద్‌ల మీదుగా పోయే బీజాపూర్ రోడ్డు మాటెత్తితే ముందు చావుల లెక్కే వస్తుంది. 2025 నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది పోయాక అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల విస్తరణ, రోడ్డు పక్కన మర్రిచెట్ల గొడవ మళ్లీ చర్చకొచ్చాయి. రావాల్సిందే. కానీ ప్రమాదం ఏదైనా, బతికి బయటపడ్డవాళ్ల సంగతి డిశ్చార్జి చీటీతో ముగిసిపోతుంది. తలకు దెబ్బ తగిలినవాళ్లలో, అంతకన్నా ఎక్కువగా పక్షవాతం వచ్చినవాళ్లలో, కొందరికి కాలూ చెయ్యీ స్వాధీనంలోకి వచ్చినా మాట దొరకదు. వైద్యులు దీన్ని అఫేజియా అంటారు. చేతికి ఫిజియోథెరపీ ఎంత అవసరమో ఈ మాటకూ చికిత్స అంతే అవసరం, అదీ మండలంలోనే అందాలి.

మాట దొరకకపోవడమంటే మతి పోవడం కాదు. అలాంటి మనిషికి కొడవలి బొమ్మ చూపించండి. చేత్తో గడ్డి కోసినట్టు చేసి చూపిస్తాడు, ‘కోసేది, అదే... కోసేది’ అంటాడు, ఒక్కోసారి ‘కత్తి’ అనేసి కాదని తనే తల అడ్డంగా ఊపుతాడు. ‘కొ’ అని మొదటి అక్షరం అందిస్తే చాలాసార్లు మాట పూర్తి చేస్తాడు. అంటే వస్తువు తెలుసు, దాని పనీ తెలుసు, పేరు దగ్గరికి వెళ్లే దారే దెబ్బతింది. మాట పోవడానికి మెదడు ఎడమ ముందుభాగంలో గాయంతో ఉన్న సంబంధాన్ని పారిస్‌లో పాల్ బ్రోకా 1861లోనే చూపించాడు. మనకు దగ్గరి ఆధారమూ ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించింది. రెండో భాష వచ్చినవాళ్లలో 40.5 శాతం మందికి, ఒకే భాష వచ్చినవాళ్లలో 19.6 శాతం మందికే ఆలోచనాశక్తి చెక్కుచెదరలేదు. అఫేజియా మాత్రం రెండు వర్గాల్లోనూ దాదాపు ఒకే స్థాయిలో వచ్చింది. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ మాట్లాడే మొయినాబాద్ మనిషికి ఆ రెండో భాష తెలివిని కాపాడవచ్చేమో గానీ మాటకు అడ్డుగోడ కాదు.

కాలమే నయం చేస్తుందనేవాళ్లున్నారు. మొదటి నెలల్లో కొంత దానంతటదే తిరిగొస్తుందన్నది నిజమే. అయితే 57 పరీక్షలను, సుమారు 3,000 మంది రోగులను కలిపి చూసిన 2016 కాక్రేన్ సమీక్ష, స్పీచ్ థెరపీతో రోజువారీ మాట మెరుగవుతుందని తేల్చింది. నగరం పక్కనే ఉంది కదా అనడమూ తేలికే. కానీ వారానికి రెండుసార్లు రోగితోపాటు ఇంకొకరూ కూలి పోగొట్టుకుని వెళ్లాలి, అదీ నెలల తరబడి. థెరపిస్టులు చాలినంత మంది లేరన్న అభ్యంతరం మాత్రం గట్టిదే. అందుకే ప్రతి ఆస్పత్రికీ ఒకరిని వేయమనడం లేదు. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, ఈ రెండు మండలాల్లోనూ వైద్య కళాశాలలున్నాయి. వాటి సాయంతో వారానికో రోజు చేవెళ్లలో క్లినిక్ నడపవచ్చు, మిగతా రోజుల అభ్యాసాన్ని ఇంట్లోవాళ్లకు నేర్పవచ్చు. బొమ్మలు మాత్రం ఇక్కడివే కావాలి. ప్రపంచమంతా వాడే బోస్టన్ నేమింగ్ పరీక్షలోని 60 బొమ్మల్లో మంచు ఇల్లూ ఉంటుంది. దాని పేరు చెప్పలేదని టమాటా రైతుకు మార్కులు తగ్గిస్తే పరీక్షకే సున్నా వేయాలి. చాట, గంప, పార, మోటారు స్టార్టర్ ఉంటే చాలు.

2016 వికలాంగుల హక్కుల చట్టం అఫేజియా వల్ల శాశ్వతంగా మాట దెబ్బతినడాన్ని పేరు పెట్టి మరీ వైకల్యంగా గుర్తించింది. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలైంది. అఫేజియా రోగులకూ ఈ పింఛను తెరిస్తే దొంగ సర్టిఫికెట్లు పెరుగుతాయన్న భయం ఉండొచ్చు. శిక్షణ ఉన్న థెరపిస్టు పరీక్షిస్తే ఆ భయం తగ్గుతుంది. అసలు చిక్కు అంతకుముందే ఉంది. తన బాధేమిటో చెప్పుకోలేకపోవడమే ఈ రోగి జబ్బు, వైకల్య సర్టిఫికెట్లిచ్చే మన సదరం శిబిరమేమో చెప్పుకోగలిగినవాడి కోసం కట్టిన వ్యవస్థ. కాబట్టి పక్షవాతం, తలగాయం కేసుల్లో డిశ్చార్జి చీటీ మీదే ‘మాట పరీక్ష: చేశాం, చేయలేదు’ అన్న గడి ఉండాలి. దానికి కొత్త భవనమూ అక్కర్లేదు, కొత్త బడ్జెట్టూ అక్కర్లేదు.