గృహవైద్యము: విరిగిన ముందుపన్ను, మిగిలిన వేరు

అశ్వారావుపేటలో ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలిక యొకతె బడికి సైకిలుపై పోవుచు కంకరదారిలో బోర్లపడినదనుకొనుడు. పెదవి చిట్లినది. పైవరుసలోని ముందుపన్ను చిగుళ్లలోపలికి విరిగిపోయినది. పిల్ల అద్దము చూచుకొని యేడ్చును. "మిగిలిన మొద్దునుగూడ పెరికించి కట్టుడుపన్ను పెట్టింతము, పెండ్లిచూపులనాటి కెవరికి దెలియును?" అని యింటి పెద్దలు తీర్మానింతురు. సోదరీమణులారా, తల్లియైన యామె ఆ తీర్మానమునకు వెంటనే తలయూపరాదు. పెరికిన వేరు మరల రాదు.

పైదవడ నడిమి పంటికి బయట కానవచ్చునది సుమారు 10 మిల్లీమీటర్లు. లోపలి వేరు సుమారు 13. ఆ వేరును దీసివేసినచో, దాని ముందువైపున నుండు పలుచని యెముక మొదటి యేటిలోనే చాలవరకు కరగి పల్లము పడును. ఎముకలో స్క్రూవలె బిగించు ఇంప్లాంటు కలదు గదా యందురేమో! ఎదుగు పిల్లల కది తగదు. దవడతోపాటు తక్కిన పండ్లు దిగుచుండగా నది యున్నచోటనే నిలిచి, కొన్ని యేండ్లకు పొట్టిగా కనబడును. కావున ఎదుగుదల ముగియువరకు ఆ వేరే యెముకకు కాపలా.

వేరుపై తొడుగు నిలువవలెనన్న చిగురు వెలుపల 2 మిల్లీమీటర్లయినను గట్టి పన్ను కావలెను. లోపలికి విరిగినదానికి అది లేదు. అట్టి వేరును బయటికి దింపుటయే ఈ వైద్యము. ఆస్ట్రేలియా దంతవైద్యుడు జెఫ్రీ హైథర్సే 1973లో, రూటు కెనాలును తీగెల వైద్యమును కలిపి చేయు నీ పద్ధతిని ప్రకటించెను.

మొదట వేరులోని నరమును దీసి, శుభ్రపరచి నింపుదురు. అందొక చిన్న కొక్కెమును బిగించి, ప్రక్కపండ్లకు తీగె నంటించి, సన్నని రబ్బరుతో రెంటిని తగిలింతురు. పాతరలోని తేగను పెరికినట్లు ఒక్కపెట్టున లాగుట కాదు. మెల్లని లాగుడుకు వేరును ఎముకతో బంధించియుంచు నారలు సాగి, వారమునకు ఒక మిల్లీమీటరు చొప్పున వేరు దిగివచ్చును. చిగురును ఎముకయు దాని వెంటనే రాజూచును. అందుచే నడుమనడుమ మత్తిచ్చి చిగుటి నారలను కోయుదురు. 3, 4 మిల్లీమీటర్లు దిగుటకు నెల, నెలన్నర పట్టును. పిమ్మట రెండు మూడు నెలలు కదలనీయక కట్టియుంచవలెను. పన్ను కానవచ్చినది గదా యని ఇక్కడ మానివేయువారు కలరు. వారి శ్రమయంతయు వృథా, వేరు వెనుకకు బోవును. తుదిని తొడుగు వేయుదురు. వేరు మొనవైపు సన్నగిలును గనుక తొడుగు మెడవద్ద కొంచెము సన్నముగా నుండును. అది లోపము గాదు. అంతవరకు తీగెకే తాత్కాలికపు పన్ను నొకదానిని తగిలింపుమని యడుగుడు. పిల్ల నోరు మూసికొనక బడికి బోగలదు.

వేరు నిలువున చీలినను, మిక్కిలి పొట్టిదైనను ఈ పని కాదు. దిగినపిమ్మట ఎముకలో మిగులు భాగము బయటి పంటికన్న పొట్టి కారాదు. ఎక్సురే చూచి వైద్యుడే చెప్పవలెను. పాలపండ్లకు ఈ వైద్యము చేయరు.

పడిననాడే విరిగిన ముక్కను వెదకి పాలలోగాని నీళ్లలోగాని వేసి తీసికొనిపోవలెను. ఒక్కొక్కప్పుడు దానినే యంటింపవచ్చును. అది దొరకనిచో చిట్లిన పెదవిలో నాటుకొన్నదేమో చూపింపుడు.

ఇక ప్రయాణము. ఇచ్చటినుండి సత్తుపల్లిమీదుగా ఖమ్మము సుమారు నూరు కిలోమీటర్లు; అచట మమత దంతవైద్య కళాశాల కలదు. జంగారెడ్డిగూడెముమీదుగా ఏలూరు చేరినచో సెయింట్ జోసెఫ్ దంతవైద్య కళాశాల. రూటు కెనాలు చేయువారు, తీగెలు కట్టువారు, చిగుళ్ల వైద్యులు ఇట్టి కళాశాలలందు ఒక్కచోటనే యుందురు. కాని వారమునకో పదిదినములకో పామాయిలు తోటలో కూలి పోగొట్టుకొని పిల్లవెంట ఎవరు పోవుదురు? అసలు కష్టమిది. మొదటి దినముననే ఎన్ని పర్యాయములు రావలెనో, మొత్త మెంత యగునో అడిగి వ్రాసికొనుడు. అన్ని ప్రయాణములు పొసగవని తేలినను పెరికింపుమని చెప్పవలదు. వైద్యుడు సమ్మతించినచో నరమును శుభ్రపరపించి, వేరును మూయించి, పైన తీసిపెట్టుకొను పన్ను అమర్పింపవచ్చును. వేరు చెడకున్నచో రాబోవు వేసవి సెలవులలో తీగె కట్టింపవచ్చును.